నుదుటి మీద ఏడు రంగులు

నేపాల్ నుంచి వచ్చి పది రోజులైంది, ఇంకా పొద్దున్నే ఎవరో "దాయీ, దాయీ" అని దుప్పటి లాగుతున్నట్టే ఉంది. దాయీ అంటే అక్కడ అన్నయ్య. భక్తపూర్ దగ్గర ఒక పిల్లల హోమ్‌లో రెండు నెలలు వాలంటీర్‌గా ఉన్నా, లెక్కలు చెప్పడం, అంట్లు తోమడం, రెండు పూటలా పిల్లలతో కూర్చుని దాల్ భాత్.

అనాథలు అనేస్తాం గానీ చాలామందికి కొండల్లో ఎక్కడో అమ్మో నాన్నో ఉన్నారండీ, చదువు కోసమనో పేదరికం వల్లో పంపేశారంతే. 2015 భూకంపం తర్వాతైతే అక్రమ రవాణా భయంతో పిల్లల్ని పర్మిషన్ లేకుండా జిల్లా దాటించొద్దని ప్రభుత్వమే ఆర్డర్ వేయాల్సొచ్చింది. ఇది తెలిశాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

తిహార్ అని మన దీపావళి టైంలోనే ఐదు రోజులు చేస్తారు, చివరి రోజు భాయీ టీకా, అంటే అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకి బొట్టు పెట్టే రోజు. ఎనిమిదేళ్ళ చిన్నది నన్ను కూర్చోబెట్టి, చుట్టూ నూనె చుక్కలు వేస్తూ తిరిగి, గుమ్మం దగ్గర రాయితో అక్రోట్ పగలగొట్టి, నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా నా నుదుటి మీద ఏడు రంగులు ఒక్కో చుక్కా పెట్టింది. మెడలో మఖమలీ దండ, చూస్తే మన బొగడబంతి పూలే! "ఇవి వాడిపోవు దాయీ" అంది.

బస్సెక్కేటప్పుడు మాత్రం "నువ్వు కూడా మళ్ళీ రావు కదా" అంది. నాకు మాట రాలేదు. ఆ దండ అమ్మ దేవుడి గదిలో కట్టింది, ఇంకా రంగు పోలేదు.