టెంక పండు కాదు

దానాపూర్ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో కదిలిన అరగంటకే అమ్మ సంచిలోంచి తెల్లదారం ఉండ, కొక్కెం సూది తీసింది. రెండూ అమ్మమ్మవి. ఆవిడ సగంలో వదిలేసిన లేసు ముక్క కూడా అందులోనే ఉంది. "కాశీ వెళ్ళొచ్చేలోపు ఇది అయిపోవాలి" అంది, ఎవరో ఆర్డరిచ్చి గడువు పెట్టినట్టు. ఎదురు బెర్తులో ఊరికి వెళ్తున్న బీహారావిడ కాసేపు చూసి, ఇలా ఇమ్మని చెయ్యి చాపింది. ఒకరి భాష ఒకరికి రాదు. సాయంత్రానికి ఆవిడ కూడా గొలుసు కుట్లు వేసేస్తోంది.

వెళ్ళింది ముగ్గురం: పెద్దమామయ్య, అమ్మ, నేను. అమ్మమ్మ అస్థికలు అప్పుడే వశిష్ఠ గోదావరిలో కలిపేశాం, సంవత్సరీకం కూడా అయిపోయింది. కాశీలో ఆవిడ పేరున పిండం పెట్టడం ఒక్కటే మామయ్యకి బాకీ.

అమ్మమ్మది నరసాపురం. అమ్మ పదో తరగతిలో ఉండగా తాతయ్య పోయారు. ఆ తర్వాత ఇల్లు నడిచింది లేసు మీదే. అక్కడ ఈ అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పినది. భోజనాలవగానే వీధిలో ఆడవాళ్ళంతా అరుగుల మీద చేరి అల్లుకునేవాళ్ళు. అవి ఎక్కడెక్కడి దేశాలకో పోయేవి, వీళ్ళకి మాత్రం ముక్కకింత అని చేతిలో పెట్టేవాళ్ళు. అమ్మమ్మ చూపుడువేలు మీద దారం ఒరిసి ఒరిసి చిన్న గాడి పడింది. చిన్నప్పుడు నిద్రపోయేముందు ఆ గాడిని గోటితో తడుముతూ పడుకునేదాన్ని. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకత అనే ముద్ర, వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, తలెత్తకుండానే "అయితే ముక్కకి రేటేమన్నా పెంచుతారంటనా?" అని అడిగింది.

దేవుడంటే భక్తే గానీ, దేవుడితో కూడా లెక్కగానే ఉండేది. ఏటా భీష్మ ఏకాదశికి పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లి మీదుగా వెళ్ళి అంతర్వేది రథం చూసొచ్చేది. 2020లో ఆ రథం తగలబడిందని తెలిసిన రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు మాత్రం "కొత్తది చేయిస్తార్లే, ఆయనకేం తక్కువ" అని మామూలుగా దారం ఉండ పట్టుకుంది.

1996లో చీటీ పాడి, ఆ డబ్బుతో వీధిలో ఇంకో ఏడుగురితో కలిసి కాశీ వెళ్ళొచ్చింది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అంటారు కదా, ఇంటి తాళాలు, లేసు లెక్కల పుస్తకం అమ్మ చేతిలో పెట్టి మరీ బయల్దేరిందట. తిరిగొచ్చాక వీధంతటికీ సమారాధన చేసింది. గుత్తివంకాయ ఘుమఘుమలాడిపోయింది గానీ ఆవిడ ముట్టుకోలేదు. కాశీలో కాయల్లో వంకాయ, పళ్ళల్లో మామిడి వదిలేసిందన్న సంగతి ఆ రోజే అందరికీ తెలిసింది. ఆ రెండూ ఆవిడకి ప్రాణం.

మేం రెండో రోజు మొఘల్‌సరాయిలో దిగాం. 2018లో ఆ స్టేషన్ పేరు మారిందిగానీ మామయ్యకి ఇంకా నోరు తిరగదు. ఆటో గంగ వంతెన ఎక్కాక, ఒంపు తిరిగిన ఒడ్డంతా ఘాట్ల మెట్లు కనబడ్డాయి. అమ్మ చేతిలో సూది ఆగింది.

కేదార్ ఘాట్ దగ్గర తెలుగువాళ్ళ సత్రంలో దిగాం. అమ్మమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం గుడికి వెళ్దామని అమ్మ పట్టు. ఫలానా గొందిలో తిరిగితే పాలకొట్టు, దాని పక్కన ఆవు కట్టేసి ఉంటుంది, అదీ దారి. ఆ గొందులు చాలావరకు లేవిప్పుడు. 2021లో కారిడార్ కట్టాక గంగ ఒడ్డు నుంచి నేరుగా విశ్వనాథుడి గుడిలోకి నడిచిపోవచ్చు. సుఖంగానే ఉంది. అమ్మ మాత్రం ఆ విశాలమైన రాతి ఆవరణలో నిలబడి "మరి ఆవుని ఎక్కడ కట్టేస్తున్నారో" అంది. దర్శనం రెండు క్షణాలు. అన్నపూర్ణ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నిలబడనిచ్చారు.

పిండప్రదానం దగ్గర మాట్లాడుకున్న డబ్బొకటి, చివర్లో అడిగింది ఒకటి. మామయ్యకి బీపీ పెరిగింది. అది వదిలేద్దాం.

ఆ సాయంత్రం పడవలో నేను ఇరవయ్యేళ్ళుగా దాచిన సంగతి బయటపెట్టాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో ఓ రాత్రి దాహమేసి లేచాను. పెరట్లో తులసికోట వెనక అమ్మమ్మ కూర్చుని ఉంది. మేం పొద్దున తిని పారేసిన రసాల టెంకల్లో ఒకటి చేతిలో ఉంది, చీకుతోంది. నన్ను చూసి ఏమాత్రం తొణక్కుండా, "టెంక పండు కాదే" అంది.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. "నాతో వేరే చెప్పింది. రసం చేతికంటింది, కడుక్కుంటే నీళ్ళు దండగని నాకానంది" అంటూ నవ్వుతోంది.

మామయ్య కాసేపు గంగ వైపు చూసి, "నాకెప్పుడూ కనపడలేదే" అన్నాడు. ఆయనకి నిజంగానే కష్టం కలిగింది.

మర్నాడు మా వంతు. వదలాల్సింది వంకాయలూ పళ్ళూ కాదని, కాయాపేక్ష, ఫలాపేక్ష అని ఏదో ప్రవచనంలో విన్నానంటూ మామయ్య వాదన పెట్టాడు. అమ్మ వినిపించుకోలేదు. నడుంలోతు నీళ్ళలో నిలబడి ముందు కాకరకాయ వదిలింది. "నువ్వెప్పుడు తిన్నావే కాకరకాయ!" అని మామయ్య మెట్ల మీంచి అరిచాడు. తర్వాత కొంగులోంచి కమలాపండు తీసింది. దాని మీద మా అమ్మకున్న ఇష్టం నాకు తెలుసు. ఒక్కసారి దాన్ని చూసుకుని నీళ్ళలో వదిలేసింది. నన్నడిగితే ఇంకా ఆలోచించుకుంటున్నానన్నాను.

తిరుగు ప్రయాణంలో లేసు ముక్క పూర్తయింది. అమ్మమ్మ అల్లింది ఎక్కడిదాకానో, అమ్మది ఎక్కడ మొదలైందో చూస్తే తెలిసిపోతుంది. అమ్మ కుట్లు కాస్త వదులు.

నాగపూర్‌లో కమలాపళ్ళవాడు కిటికీ దగ్గరికొచ్చాడు. మామయ్య డజను కొన్నాడు. అమ్మ ఒక్కోటీ ఒలిచి, పీచు తీసి మా ఇద్దరికీ పెట్టింది. ఒడి నిండా తొక్కలు. బండి కదిలాక ఒక తొక్క మడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను చూస్తున్నానని ఎలా తెలిసిందో,

"తొక్క పండు కాదుగా" అంది.