ఎరుపు పసుపు జెండాల మధ్య సముద్రంలో నా తొలి ఈత

ఈత కొలనులో ఎన్నేళ్లు ఈదినా సముద్రం ముందు కొత్తగానే నిలబడవలసి వస్తుందని చాలామంది చెప్పగా విన్నాను. నేను మొదటిసారి సముద్రంలో దిగిన తీరానికి రెండు వైపులా కొండలు, మధ్యలో వంపు తిరిగిన తెల్లని ఇసుక, ఆ ఇసుకను ఆనుకుని ఆకుపచ్చగా మెరిసే నీరు. అంత అందమైన చోటనే, ప్రవాహాలు లోపలికి లాక్కుపోతాయని హెచ్చరించే బోర్డు కూడా పాతి ఉంది. ఆ రెండింటినీ చూశాక వెనుదిరగాలని అనిపించలేదు గాని, వెంటనే నీటిలో దిగాలని కూడా అనిపించలేదు.

అరగంటకు పైగా ఎత్తైన ఇసుక దిబ్బ మీద కూర్చుని కెరటాలనే చూశాను. నా దృష్టిలో ఆ రోజు చేసిన పనులన్నింటిలో అతి ముఖ్యమైనది ఇదే. కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా ఏదో ఒక దారిన వెనక్కి పోక తప్పదు. ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున ఇసుక మేట వేసి ఉంటే, ఆ మేటలో ఎక్కడ గండి పడిందో అక్కడికి చుట్టుపక్కల నీరంతా చేరి, ఇరుకైన పాయగా సముద్రంలోకి దూసుకుపోతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. కెరటం ఎత్తు, దాని కింద ఉన్న నీటి లోతులో సుమారు ముప్పాతిక వంతుకు చేరినప్పుడు అది విరుగుతుంది. కాబట్టి మేట మీద తెల్లని నురగ లేస్తుంది, లోతైన గండి మీద కెరటం విరగకుండా సాగిపోతుంది. ఫలితంగా తెలియని కంటికి అన్నింటికంటే ప్రశాంతంగా కనిపించేది ఆ గండే. నేను చూస్తుండగానే పిల్లలను వెంటబెట్టుకుని ఒక కుటుంబం, కెరటాలు తక్కువగా ఉన్నాయన్న ధీమాతో కాబోలు, సరిగ్గా అక్కడికే నడిచింది. లైఫ్‌గార్డ్ ఈల వేసి వారిని వెనక్కి పిలిచాడు. గండిలో నీరు కాస్త ముదురు రంగులో ఉండటం, దాని మీద నురగ తునకలు ఒడ్డుకు రాకుండా లోపలికి కొట్టుకుపోవడం నేను గుర్తుపట్టడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

తరువాత ఆ లైఫ్‌గార్డ్ దగ్గరకే వెళ్లి, సముద్రంలో ఇదే మొదటిసారి అని చెప్పాను. కొలనులో ఎన్ని చుట్లు ఈదగలనో అడుగుతాడనుకున్నాను.

"కాళ్లూ చేతులూ పెద్దగా ఆడించకుండా వెల్లకిలా ఐదు నిమిషాలు తేలగలరా?" అని మాత్రమే అడిగాడు.

తేలగలనన్నాక, పైసగం ఎరుపు, కిందిసగం పసుపు ఉన్న రెండు జెండాల మధ్యనే ఉండమన్నాడు. ఆ జెండాలు గస్తీ ఉన్న చోటును సూచిస్తాయి, పూర్తి ఎర్ర జెండా ఎగురుతుంటే ప్రమాదం తీవ్రంగా ఉందని అర్థం. పోటు తగ్గుతున్న సమయమని, మేట మీద లోతు తగ్గేకొద్దీ గండిలో లాగుడు పెరుగుతుందని కూడా హెచ్చరించాడు.

నడుము లోతు వరకు వెళ్లేసరికే కొలను పాఠాలు కొన్ని పనికిరావని తెలిసింది. కెరటం వెనక్కి తగ్గేటప్పుడు మడమల కింది ఇసుక జారిపోయి, నిలుచున్న చోటే గుంట పడుతుంది. ఛాతీ ఎత్తున వచ్చే కెరటానికి ఎదురొడ్డి నిలబడితే పడదోస్తుంది, పైనుంచి దూకబోతే వెనక్కి విసిరేస్తుంది. విరగబోయే కెరటం కిందికి మునిగి, వేళ్లను అడుగు ఇసుకలో గుచ్చి, నెత్తి మీదుగా ఆ సుడి దాటిపోయాక పైకి రావడమే మార్గం. నీటి లోపల ఆ హోరు పెద్దగా వినపడదు, వీపు మీద ఎవరో బరువైన దుప్పటి లాగినట్లు ఒక ఒత్తిడి మాత్రం దాటిపోతుంది. పైకి రాగానే కళ్లు తుడుచుకోవాలనిపిస్తుంది గాని, ముందు తరువాతి కెరటం ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి.

పెద్ద కెరటాలు విడివిడిగా కాక వరుసగా కొన్ని వచ్చి, ఆ తరువాత కొంత విరామం ఇస్తాయి. 1938 ఫిబ్రవరి 6న సిడ్నీలోని బాండై తీరంలో ఇలాంటి వరుస ఒకటి వచ్చి, మేట మీద నిలుచున్న జనాన్ని లోతులోకి ఈడ్చుకుపోయింది. వందలాది మందిని కాపాడగలిగినా ఐదుగురు చనిపోయారు. ఆ సంగతి చదివి ఉన్నాను కనుక, మేట మీద తీరికగా నిలబడకుండా ఒక వరుస పూర్తయ్యేదాకా ఆగి, విరామంలో విరిగే కెరటాలను దాటేశాను.

అవతల సముద్రం వేరుగా ఉంది. ఉప్పునీరు మంచినీటి కంటే రెండున్నర శాతం వరకు బరువైనది. అంత చిన్న తేడాకే కొలనులో కిందికి లాగే నా కాళ్లు ఇక్కడ వాటంతట అవే పైకి తేలాయి. వెల్లకిలా పడుకుంటే ప్రతి కెరటమూ నన్ను మెల్లగా ఎత్తి దింపుతూ ఒడ్డు వైపు సాగిపోయింది. కొండల పూర్తి రూపం కూడా అక్కడి నుంచే కనిపించింది. ఆ ఆనందం మాటల్లో పెట్టలేను, పెట్టబోతే అతిగా ఉంటుంది.

దిగేముందు ఒడ్డున లైఫ్‌గార్డ్ మంచెనూ, దాని వెనుక ఉన్న ఒక చెట్టునూ ఒకే గీతలో ఉండేలా గుర్తు పెట్టుకున్నాను. తలెత్తి చూసేసరికి చెట్టు మంచెకు బాగా ఎడంగా జరిగి ఉంది. కెరటాలు ఒడ్డును ఏటవాలుగా తాకుతున్నందువల్ల నీరు ఒడ్డు వెంబడి పక్కకు నడుస్తూ, నన్ను కూడా గండి వైపు తీసుకుపోతోంది. గండి గుండా సముద్రంలోకి పోయే పాయల వేగం ఎక్కువగా సెకనుకు అర మీటరు లోపే ఉంటుంది, కాని కొన్నిసార్లు రెండు మీటర్లు దాటుతుంది. యాభై మీటర్లను 21 సెకన్లలో ఈదే ఛాంపియన్ వేగం కూడా సెకనుకు రెండున్నర మీటర్ల లోపే కాబట్టి, దానికి ఎదురు ఈదడం నాలాంటి వారికి తగిన పని కాదు. ఒడ్డుకు సమాంతరంగా ఈదమన్నది పాత సలహా. కొన్ని తీరాల్లో తేలే పరికరాలను వదిలి చూసిన పరిశోధకులు, వాటిలో చాలావరకు సుడి తిరిగి మళ్లీ మేట వైపుకే రావడం గమనించినందున, ముందు తేలుతూ ఓపిక పట్టమనే సలహా కూడా వచ్చింది. తీరాన్ని బట్టి రెండూ మారతాయి. నా మట్టుకు రెండింటినీ కలిపి వాడాను. ముందు వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపరచుకుని, పాయ ఎటు నడుస్తోందో చూసి, నురగ లేస్తున్న మేట వైపు ఏటవాలుగా, తొందర లేకుండా ఈదాను. చెయ్యి పైకెత్తితే లైఫ్‌గార్డ్ నీటిపై తేలే పలక మీద వస్తాడని తెలుసు, ఆ అవసరం రాలేదు.

లోపలికి వెళ్లడం కంటే బయటికి రావడమే కష్టమైంది. ఒడ్డు అంచున ఒక్కసారిగా కూలే కెరటాలు మనిషిని తలకిందులుగా ఇసుకకేసి కొట్టగలవు, మెడకు దెబ్బలు తగిలేది ఎక్కువగా అక్కడే. సముద్రానికి వీపు చూపకుండా, ప్రతి రెండు మూడు బారలకూ వెనక్కి చూసుకుంటూ, ఒక కెరటం విరిగిపోయాక దాని నురగ వెంబడే మోకాలి లోతుకు చేరి గబగబా నడిచాను.

నీరు ఎంత దూరం పక్కకు లాగిందో లైఫ్‌గార్డ్‌కు చెబితే, చూస్తూనే ఉన్నానన్నాడు. పోటు ఇంకా తగ్గడంతో గండి నోరు జెండాల వైపు జరుగుతోందట. జెండాలు రెండూ పెరికి మేట మధ్య భాగానికి ఎదురుగా మళ్లీ పాతాడు. నేను కాసేపు విశ్రాంతి తీసుకుని, మంచెకు బదులు కొండ అంచును గుర్తుగా పెట్టుకుని, ఆ కొత్త హద్దుల మధ్య ఇంకోసారి నీటిలోకి దిగాను.