టమోటా గడియారం

ఈ నెల 20వ తారీఖు టెన్షన్ లేకుండా గడిచిపోయింది. జీఎస్టీ రిటర్నులన్నీ రెండు రోజుల ముందే వేసేశాను. మూడేళ్లలో ఇదే మొదటిసారి.

తిరుపతిలో మా మిద్దె మీద గదే నా ఆఫీసు. పొద్దున ఎనిమిదికి బిల్లులు ముందేసుకుని కూర్చుంటే, తలెత్తేసరికి పదకొండు. చేతిలో మాత్రం ఫోను!

పొమొడోరో పద్ధతి మొదలుపెట్టాను. 25 నిమిషాలు ఒకటే పని, 5 నిమిషాలు విరామం. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో, చదువుకునే రోజుల్లో, టమోటా ఆకారంలో ఉండే వంటింటి టైమర్‌తో కనిపెట్టాడు. ఇటలీ భాషలో పొమొడోరో అంటే టమోటానే. అమ్మకి చెబితే, "దానికి ఇటలీ దాకా ఎందుకురా, మదనపల్లె మార్కెట్టుకి పోతే లారీలు లారీలు ఉంటాయి కదా" అనింది.

మొదట ఫోన్లోనే టైమర్ పెట్టాను. అది ఆపడానికని తీసి, అరగంట రీల్స్ చూశాను. దొంగకే తాళాలిచ్చినట్టయింది. ఇప్పుడు ఫోను కింద వంటింట్లో బియ్యం డబ్బా మీద. నా బల్ల మీద నాన్న పాత అలారం గడియారం. కీ ఇస్తే టిక్కుటిక్కుమంటూ పక్కన మనిషి కూర్చున్నట్టే ఉంటుంది. బ్యాంకు లెక్కలు సరిచూసేటప్పుడు మాత్రం 25 చాలదు, మధ్యలో లేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే దానికి 45 పెట్టుకున్నాను.

గంట మోగగానే కింది నుంచి అమ్మ కేక: "ఏమిరా, మాగిందా టమోటా?"