పటం మీద అందరి పేర్లూ ఉన్నాయి

మొన్న మంగళవారం మా డైరెక్టరమ్మ నన్ను అందరి ముందూ తిట్టింది. తిట్టడమంటే మన ఊళ్ల లెక్కలో కాదు, గొంతు కూడా పెంచకుండా "కొంచెం వెనక్కి జరుగుతావా" అంది. ఇక్కడ అదే తిట్టు. నేను చేసిన తప్పల్లా బల్ల మీద పరిచిన పాత కలంకారీ పటం మీదికి వంగి వాసన చూడడం.

లండన్‌లో ఒక మ్యూజియంలో వస్తువులు దించడం, ఎక్కించడం, ప్యాక్ చేయడం నా పని. (అమ్మ మాత్రం "బొమ్మలకి కాపలా కాసేదానికి అంత దూరం పోవాల్నా?" అంటుంది.) మాది శ్రీకాళహస్తి పక్క పల్లె. కరక్కాయ కలిపిన ఎనుము పాలలో నానేసిన గుడ్డ వాసన, తుప్పు ఇనుము బెల్లంనీళ్లలో రోజుల తరబడి ఊరి నల్లరంగుగా మారే కుండ వాసన చిన్నప్పటినుంచీ ఎరుగుదును. నూరేళ్లు దాటిన గుడ్డలో అందులో ఏమన్నా మిగిలుందా అని ముక్కు పెట్టానంతే. ఏమీ రాలేదు. 50 లక్స్ దాటి వెలుతురు పడనివ్వని గుడ్డ మీద నా ఊపిరి పడిందని ఆమె టెన్షన్. న్యాయమే, కానీ మా ఊరి గుడ్డ దగ్గరికి నేనే పోకూడదా అని ఆ రోజంతా సణుక్కుంటూనే ఉన్నాను.

అసలు మంట వేరే. పక్కన లేబుల్ ముసాయిదాలో "కళాకారుడు: తెలియదు" అని ఉంది. ఫైల్లో చూస్తే కొన్న దొర పేరు మాత్రం శుభ్రంగా ఉంది. ఆ కాలంలో కొన్నవాళ్లకేం, కాస్పర్ పర్డన్ క్లార్క్ అనే ఆయన 1880ల మొదట్లో మన దేశం వచ్చి లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి వస్తువులు కొని, 1896లో దానికే డైరెక్టరై, 1905లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి డైరెక్టరుగా పోయాడు. గీసినవాడు మాత్రం "తెలియదు".

మరుసటి రోజు ఆమే పిలిచింది. బొమ్మల పైన పట్టీలో ఉన్న అక్షరాలు చదివి పెట్టమంది. తెలుగే కదా, ఇప్పుడు చూపిస్తా అని ఉత్సాహంగా కూర్చున్నాను. సుగ్రీవుడు, అంగదుడు, జాంబవంతుడు... ఒక మూల నిలబడ్డ కోతికి కూడా పేరుంది. చివరిదాకా వెతికినా గీసినాయన పేరు లేదు. మనవాళ్లే రాయలేదు. ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆమె మాత్రం ఏమీ అనకుండా "తెలియదు" కొట్టేసి "పేరు నమోదు చేయలేదు" అని రాసింది. డైరెక్టరు కాకముందు ఇరవై ఏళ్లు సమకాలీన కళ క్యూరేటరుగా చేసిందట. బతికున్న ఆర్టిస్టులు లేబుల్లో ఒక్క అక్షరం తప్పు పడితే ఎదురుగా వచ్చి నిలదీస్తారు, చచ్చిపోయినవాళ్లకి ఆ అవకాశం లేదు కాబట్టి వాళ్ల తరఫున మనమే పోట్లాడాలి అంది. నిన్న తిట్టిన మనిషేనా అనిపించింది.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి, మా పూజగదిలో ఉన్న కలంకారీ పటం ఎవరు గీసిందని అడిగాను.

"ఎవరో నాయనా, పేరెవరడిగినారు? ఎనిమిదొందలు చెప్తే అయిదొందలకి దించి తెచ్చినాం."