తాడు కట్టి లాగేటప్పుడు వెనక కారు స్టీరింగ్ దగ్గర ఎవరు కూర్చుంటున్నారు?

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్ళే రోడ్డు ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చౌటుప్పల్ దాటేసరికే మధ్యాహ్నం అయిపోయింది. నకిరేకల్ దాటాక కాస్త సాఫీగా పోతున్నాం అనుకుంటుండగా డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగింది, ఆ వెంటనే స్టీరింగ్ బరువెక్కింది, ఇంకో రెండు నిమిషాలకి టెంపరేచర్ ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. ఇంజన్ బెల్టు తెగిందని అర్థమై, ఎడమ పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను. మాది పదకొండేళ్ళ పాత డీజిల్ కారు. వెనక సీట్లో పిల్లలిద్దరు, ముందు మా ఆవిడ, డిక్కీ నిండా సామాను.

సూర్యాపేటలో ఉండే మా బావమరిదికి ఫోన్ చేస్తే గంటలో తన కారేసుకుని వచ్చాడు. వస్తూ దారిలో ఎక్కడో హార్డ్‌వేర్ షాపులో నైలాన్ తాడు కూడా కొనుక్కొచ్చాడు. "బావా, ఎంత దూరం, పదిహేను కిలోమీటర్లే గదా, మెల్లగా లాగేద్దాం" అన్నాడు. నాకూ అదే సులువు అనిపించింది. చీకటి పడుతోంది, పిల్లలు నీరసపడిపోయారు. తాడు కట్టాం, నేను నా కారులో కూర్చున్నాను, పిల్లలు వెనక సీట్లో అలాగే ఉండిపోయారు. ఇదంతా రాయడానికి కారణం ఆ చివరి మాటే. వాళ్ళని దించి ముందు కారులో కూర్చోబెట్టాలని నాకు తట్టలేదు, మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మూడు నాలుగు కిలోమీటర్లు బాగానే వెళ్ళాం. తర్వాత రోడ్డు కొంచెం దిగుడుగా ఉన్నచోట ముందెవరో అడ్డం వస్తే మా బావమరిది బ్రేక్ వేశాడు. నేనూ వేశాను. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కిందికి దిగదు. రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను, సీటులోంచి లేచినంత పనైంది. అతని బంపర్‌కి నా బంపర్‌కి మధ్య జానెడు దూరం ఉండగా కారు ఆగింది. వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. మా బ్యాటరీ అప్పటికే నీరసించి వెనక లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి కాబట్టి, మేం ఆగిన సంగతి ఆ లారీ డ్రైవరుకి దగ్గరికొచ్చేదాకా కనిపించి ఉండదు. నా చేతులు వణికాయి. పిల్లల్ని దించి రోడ్డు పక్కన ఇనుప రెయిలింగు అవతలికి తీసుకెళ్ళి నిలబెట్టి, అప్పుడు జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేశాను.

బ్రేక్ ఎందుకు అలా అయిందో తర్వాత సూర్యాపేటలో మెకానిక్ చెప్పాడు. మనం మామూలుగా తొక్కే బ్రేకులో సగానికి పైగా బలం మన కాలిది కాదు, ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్రేకు బలాన్ని పెంచే బూస్టర్‌లో ఏర్పడే వాక్యూమ్‌ది. ఇంజన్ ఆగాక ఆ వాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కేదాకానే మిగులుతుంది. నేను దారిలో తాడు బిగుతుగా ఉండాలని అప్పుడప్పుడూ మెల్లగా బ్రేక్ తాకుతూనే ఉన్నాను, దాంతో అదంతా ముందే అయిపోయింది. బ్రేక్ ఫెయిల్ కాలేదు, పనిచేస్తుంది, కానీ ఎన్నో రెట్లు గట్టిగా తొక్కాలి. స్టీరింగ్ కూడా అంతే, పవర్ లేకపోతే బండరాయిని తిప్పినట్టు ఉంటుంది. ఈ రెండూ ముందే తెలిసినవాడు, కాళ్ళలో చేతుల్లో బలం ఉన్నవాడు వెనక కారులో కూర్చోవాలి. మన దగ్గర సాధారణంగా జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. బాగా డ్రైవింగ్ వచ్చినవాడు ముందు కారు తీసుకుంటాడు, వెనక "ఊరికే స్టీరింగ్ పట్టుకుని కూర్చో" అని డ్రైవింగ్ సరిగా రాని తమ్ముణ్ణో, లైసెన్సు కూడా లేని కుర్రాణ్ణో కూర్చోబెడతారు. ముందు నడిపేవాడి బ్రేకులు బాగున్నాయి, లైట్లు బాగున్నాయి. కష్టమంతా వెనకవాడిదే.

చట్టం కూడా ఇదే చెబుతుంది, నాకు అప్పటిదాకా తెలియదు. 1989లో వచ్చిన రూల్స్ ఆఫ్ ది రోడ్ రెగ్యులేషన్స్‌లో బండిని లాగడం (టోయింగ్) గురించి ఒక నిబంధన ఇలా ఉండేది. లాగబడే బండి డ్రైవర్ సీట్లో ఆ బండి నడిపే లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి, లేదంటే స్టీరింగ్ తిరిగే చక్రాలు క్రేన్ లాంటి దానితో నేల మీద నుంచి పైకి లేపి ఉండాలి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు. తాడైనా గొలుసైనా మిగతావాళ్ళకి స్పష్టంగా కనపడాలి. వెనక బండి వెనక భాగంలో తెల్లటి నేపథ్యం మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాలతో, ఒక్కో అక్షరం 75 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 'ఆన్ టో' అని రాసి పెట్టాలి. వేగం గంటకి 24 కిలోమీటర్లు మించకూడదు. లాగడం కూడా దగ్గర్లోని గ్యారేజీ దాకానో పెట్రోల్ బంకు దాకానో అంతే, ఊరి నుంచి ఊరికి కాదు. 2017లో వీటి స్థానంలో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. తాడు కట్టక తప్పని పరిస్థితి వస్తే మాత్రం నేను ఈ పాత కొలతలే మనసులో పెట్టుకుంటాను, ఎందుకంటే లెక్క వేసి చూస్తే వీటి వెనక కారణం కనిపిస్తుంది. గంటకి 24 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు ఆరున్నర మీటర్లు, అంటే 5 మీటర్ల తాడంత దూరం ముక్కాలు సెకనులో దాటేస్తాం. అదే 40లో వెళితే అర సెకను కూడా పట్టదు, ముందు బండి బ్రేక్ లైటు చూసి మన కాలు కదిలేలోపే అయిపోతుంది. మేం ఆ రోజు 40 మీదే ఉన్నాం.

బండి లాగడం గురించి ఆ తర్వాత నేను అడిగి తెలుసుకున్నవి, మాన్యువల్‌లో చదివినవి ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తాళంచెవి. లాగబడే కారులో ఇంజన్ ఆగింది కదా అని అలవాటు కొద్దీ తాళంచెవి బయటికి తీశారంటే స్టీరింగ్ లాక్ పడిపోతుంది, మలుపు వచ్చినప్పుడు కారు తిన్నగా పోతుంది. తాళంచెవి ఆన్‌లోనే ఉండాలి. బటన్ స్టార్ట్ కార్లలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొన్నిట్లో స్టీరింగ్ లాకే విడవదు, ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్నవాటిలో అది కూడా వదలదు, వాటిని తాడుతో లాగే ప్రయత్నమే వద్దు. బ్యాటరీ చచ్చిపోయిన ఏ కారునైనా చీకటి పడ్డాక తాడు కట్టి రోడ్డెక్కించకండి. వెనక లైట్లు లేని బండి హైవే మీద ఎంత ప్రమాదమో నేను చూశాను. ఇంకోటి, నాలుగు ఇండికేటర్లూ వేసుకుని లాగుతుంటే మలుపు తిరిగేటప్పుడు ఎటు తిరుగుతున్నామో వెనకవాళ్ళకి తెలియదు, చెయ్యి బయటపెట్టి చూపించాలి.

తాడు ఎక్కడ కట్టాలన్నది చాలామంది పొరపడే విషయం. మేం కట్టింది కూడా తప్పే, ముందు చక్రం దగ్గర కిందున్న ఆర్మ్‌కి చుట్టాం. అది సస్పెన్షన్ భాగం, వంగిపోతే అలైన్‌మెంట్ మొత్తం పోతుంది. బంపర్‌కి కట్టడం ఇంకా ఘోరం, ఇప్పటి బంపర్లు ప్లాస్టిక్‌వి. చాలా కార్లలో జాకీ, వీల్ స్పానర్ ఉండే చోటే ఒక లావుపాటి ఇనుప కొక్కెం ఉంటుంది, చివర మరలు ఉంటాయి. బంపర్ మీద చిన్న చతురస్రపు మూత తీస్తే దాన్ని బిగించే రంధ్రం కనిపిస్తుంది. చేత్తో తిప్పి వదిలేయకుండా వీల్ స్పానర్ కడ్డీ దూర్చి చివరిదాకా బిగించాలి. కొన్ని కార్లలో మరలు ఎడమ చేతి వైపువి, మామూలు దిశలో తిప్పితే ఎక్కదు, విరిగిందనుకోకండి. మా కారులో ఆ కొక్కెం పదకొండేళ్ళుగా స్టెప్నీ కింద గుడ్డలో చుట్టి అలాగే ఉంది. నాకు తెలియనే తెలియదు.

తాడు తెగినప్పుడు ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి. బాగా సాగిన నైలాన్ తాడు, ఇనుప వైరు, తెగితే కొరడాలా వెనక్కి కొడతాయి, చివర ఇనుప హుక్కు ఉంటే అది గుండులా వస్తుంది. లాగుతున్నంతసేపూ దగ్గర్లో ఎవరూ నిలబడకూడదు, ముఖ్యంగా పిల్లలు. తాడు మధ్యలో మందమైన గోనెసంచి వేస్తే తెగినా ఆ ఊపు కొంత తగ్గుతుంది, దానికో ఎర్ర గుడ్డ కడితే అడ్డంగా దూరబోయే బైకులవాళ్ళకి తాడుందని తెలుస్తుంది. ఊళ్ళ దగ్గర ఈ ప్రమాదం చాలా ఎక్కువ, రెండు కార్ల మధ్య ఖాళీ ఉంది కదా అని బైకు దూర్చేస్తారు. బురదలో దిగబడ్డ కారుని ట్రాక్టరుతో లాగించేటప్పుడు కూడా ఈ మాట గుర్తుంచుకోండి. ట్రాక్టర్ బలానికి కారు కొక్కెం ఆగదు, ఒక్క కుదుపుతో లాగితే ఊడి వస్తుంది. గొలుసు బిగుసుకునేదాకా మెల్లగా కదిలి, అప్పుడే లాగమని ట్రాక్టరాయనకి ముందే చెప్పాలి.

ఆటోమేటిక్ కార్లున్నవాళ్ళు ఈ ముక్క తప్పకుండా చదవండి. మామూలు గేర్ల కారుని న్యూట్రల్‌లో పెట్టి కొంత దూరం లాగొచ్చు. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, సీవీటీ (రెండూ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రకాలే) కార్లలో గేర్‌బాక్స్‌కి నూనె అందించే పంపు ఇంజన్‌తో నడుస్తుంది. ఇంజన్ ఆగి ఉండగా చక్రాలు తిరుగుతూ పోతే లోపల నూనె అందక గేర్‌బాక్స్ కాలిపోతుంది, బెల్టు మార్చడానికి వెళ్ళి గేర్‌బాక్స్ ఖర్చు పెట్టుకోవాల్సి వస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, కరెంటు పుడుతుంది, అది కూడా కంట్రోలర్‌కి మంచిది కాదు. ఇలాంటివన్నీ నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ బండి మీదే తీసుకెళ్ళాలి. రెండు చక్రాలు మాత్రమే లేపే బండి వస్తే, మీ కారు ఏ చక్రాలతో నడుస్తుందో అతనికి చెప్పండి. చిన్న కార్లు చాలావరకు ముందు చక్రాలతో నడుస్తాయి, కాబట్టి ముందువి లేపాలి. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటివాటిలో తోసేది వెనక చక్రాలు, ఆ బండ్లని ముందు చక్రాలు లేపి లాక్కుపోతే కుదరదు. కారుని పైకి ఎక్కించాక మీరు కారులో కూర్చోకండి, క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన కూర్చోండి. ఎక్కించకముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని, రేటు ముందే మాట్లాడుకోండి.

ఘాట్ రోడ్ల మాట వేరే చెప్పాలి. శ్రీశైలం ఘాట్ అయినా అరకు ఘాట్ అయినా, దిగేటప్పుడు తాడు కట్టి లాగడం అనే ఆలోచనే రానీయకండి, వెనక కారుకి ఇంజన్ బ్రేకింగ్ (గేరులో ఉన్న ఇంజన్ బండి వేగాన్ని పట్టి ఉంచడం) ఉండదు, బ్రేకుకి బూస్టర్ ఉండదు, తాడు ఆపలేదు. వరద నీళ్ళలో మునిగిన కార్లది ఇంకో కథ. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు విజయవాడలోకి వచ్చినప్పుడు మా చుట్టాల కారు కూడా మునిగింది. వాళ్ళు దాన్ని స్టార్ట్ చేసి చూడలేదు, తోసి స్టార్ట్ చేయలేదు, గేరులో పెట్టి లాగనూ లేదు. అది చాలా మంచి పని. సిలిండర్‌లో నీళ్ళుండగా ఇంజన్ తిరిగితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేవాళ్ళకి ఒక చిన్న మాట. మామూలు ప్యాకేజీ పాలసీలో బండిని దగ్గర్లోని గ్యారేజీకి చేర్చే ఖర్చు 1,500 రూపాయల దాకా ఇస్తామని ఉంటుంది, కానీ అది యాక్సిడెంట్ అయినప్పుడు. బెల్టు తెగితే, బ్యాటరీ పోతే అది వర్తించదు, దానికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అనే యాడ్-ఆన్ విడిగా తీసుకుని ఉండాలి. నా పాలసీలో అది ఉందని నాకు ఇంటికొచ్చాకే తెలిసింది.

1033 సంగతి చెప్పి ఆపుతాను. ఫోన్ చేసినప్పుడు మనం ఎక్కడున్నామో చెప్పడానికి రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద నంబరు చూసి పెట్టుకుంటే వాళ్ళకి సులువు. టోల్ ప్లాజాల దగ్గర పెట్రోలింగ్ బండి, క్రేన్, అంబులెన్స్ ఉంటాయి. మాకు ఆ రోజు క్రేన్ వచ్చింది. వచ్చేలోపు పెట్రోలింగ్ అతను, బండి ఆగి ఉందని వెనకవాళ్ళకి తెలిసేలా మేం రోడ్డు మీద పెట్టిన ట్రయాంగిల్ చూసి, "ఇంత దగ్గర పెడితే ఏం లాభం సార్" అంటూ దాన్ని తీసుకుని చాలా వెనక్కి నడిచి వెళ్ళి పెట్టాడు. గంటకి 100తో వచ్చే బండికి వంద మీటర్లంటే నాలుగు సెకన్లు కూడా కాదు, నేను పెట్టింది పది అడుగుల దూరంలో. వెళ్ళేటప్పుడు తను ఇంకో పని కూడా చేశాడు. అంతకుముందెప్పుడో అక్కడ ఆగిన ఏదో లారీ వాళ్ళు అడ్డుగా పెట్టి వదిలేసిపోయిన రెండు పెద్ద రాళ్ళని కాలితో దొర్లించి రోడ్డు కిందికి తోసేశాడు.

పండగయ్యాక హైదరాబాద్ వచ్చి నంబర్ ప్లేట్లు రాసే షాపులో తెల్ల రేకు మీద నల్లటి అక్షరాలతో 'ఆన్ టో' అని రాయించాను. అక్షరాలు మూడంగుళాలకి తగ్గొద్దని చెబితే ఆ కుర్రాడు స్కేలు పెట్టి కొలిచి మరీ రాశాడు. ఇప్పుడది డిక్కీలో స్టెప్నీ పక్కన, కొక్కెం, 5 మీటర్ల టో బెల్టు, ఎర్ర గుడ్డతో పాటు ఉంది.