ఊలు ఉండ తుమ్మెద

మా పాపకి ఎనిమిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. రెండేళ్లు ప్రతి ఆదివారం కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాను. ఇద్దరికీ టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు. మొన్న బడిలో పువ్వు పాఠం వచ్చింది. పెటల్, సెపల్, స్టామెన్, స్టిగ్మా అని బట్టీ పడుతుంటే వినలేక, "కాగితంతో పువ్వు చేద్దామా?" అన్నాను. తెలుగు నేర్పాలన్న ఆలోచనే లేదు అప్పుడు.

పెద్ద రేకలు ఐదు కత్తిరించాం. కేసరాలకి చెవులు తుడుచుకునే దూది పుల్లలు, మధ్యలో కీలానికి ఒక స్ట్రా, దాని కొసన రెండువైపులా అంటుకునే టేపు. అడుగున మట్టి ముద్దలో నాలుగు పూసలు గుచ్చి అండాశయం అన్నాం. దూది కొసల మీద పసుపురంగు సుద్దముక్క అరగదీసి పుప్పొడిలా చల్లాం. రేకల కింద అతికించిన ఆకుపచ్చ ముక్కలు చూపించి, "వీటిని తెలుగులో ఏమంటారు?" అంది.

"రక్షక పత్రాలు. మొగ్గని రక్షించే ఆకులు."

"అంటే, రేకలు?"

"ఆకర్షణ పత్రాలు."

ఒక్క నిమిషం ఆగి, "ఓ, పేరులోనే పని ఉంది!" అంది ఇంగ్లీషులో. నిజమే. నేను తెలుగు మీడియంలో ఆ మాటలు బట్టీ పట్టినదాన్నే, ఎప్పుడూ ఇలా వినిపించలేదు. పుప్పొడి అంటే పువ్వు పొడి అనగానే అదీ పట్టేసుకుంది. టేపు చుట్టిన ఆ కీలం కొస, అదే కీలాగ్రం, దాని దగ్గర మాత్రం నా గర్వం కూలిపోయింది. మూడుసార్లు పలకబోయి, విసుగొచ్చి, దానికి "జిగురు తల" అని పేరు పెట్టేసింది. నేనూ దిద్దలేదు.

తర్వాత తేనెటీగ. మొదట నున్నటి ప్లాస్టిక్ బొమ్మని పువ్వులో దూర్చాం. సుద్దపొడి అంటుకోనే లేదు. ఊలు ఉండ చేసి దూరిస్తే ఒళ్లంతా పసుపే. తేనెటీగ ఒంటినిండా నూగు ఎందుకుంటుందో నేను చెప్పక్కర్లేకపోయింది. ఎగిరేటప్పుడు దాని ఒంటికి కాస్త విద్యుదావేశం చేరుతుందనీ, అందుకే పుప్పొడి దానిమీదికి ఎగిరి అతుక్కుంటుందనీ మాత్రం కలిపాను.

అసలు మలుపు తర్వాతి ఆటలో వచ్చింది. పువ్వు అడుగున మెరిసే పూస పెట్టి, అదే మకరందం అనుకున్నాం. మా పువ్వు మరీ విచ్చుకుని ఉండటంతో ఈగ పక్కనుంచి దూరి, కేసరాలని తాకకుండానే పూస ఎత్తుకుపోయింది. పాప "దొంగ!" అని అరిచింది. రేకల్ని దగ్గరగా మడిచి గొట్టంలా చేసింది. ఇప్పుడు పూస కావాలంటే పొడి రాసుకోక తప్పదు. ఆ మడతలు విప్పి మళ్లీ వేస్తూ అరగంట గడిపింది. ఆదివారాల్లో అయితే ఒక్క అక్షరం రెండోసారి దిద్దమంటే కన్నీళ్లు!

ఊళ్లో ఉన్న మా అమ్మకి వీడియోలో చూపిస్తే, "నల్లగా ఉంది కదే, అది తేనెటీగెలా అవుతుంది? తుమ్మెద. మొద్దులకి కన్నాలు పెట్టేది," అంది. ఇంట్లో ఉన్నది నల్ల ఊలే మరి! తుమ్మెద నిజంగానే దొంగ అని నేను అందుకున్నాను. పొడుగు గొట్టం పువ్వుల్లో నోరందకపోతే పువ్వు మొదలు దగ్గర కన్నం పెట్టి మకరందం తాగేస్తుంది, అప్పుడు పుప్పొడి జోలికే పోదు. మన పాటల్లో ప్రియుడంటూ దాన్ని ఎంత మోశామో! పాప వెంటనే తన గొట్టానికి పెన్సిలుతో కన్నం పెట్టింది.

"ఏ ఈగా రాకపోతే?" అని అడిగింది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో వనిల్లా పూలకి అదే గతి పట్టింది. తీగ వేరేచోటి నుంచి వచ్చింది, దాని ఈగలు రాలేదు. 1841లో అక్కడ బానిసగా ఉన్న ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల పిల్లాడు సన్నటి పుల్లతో పువ్వులోని పొరని పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అద్దే ఉపాయం కనిపెట్టాడు. వనిల్లా తోటల్లో ఇప్పటికీ చేత్తో అద్దుతూనే ఉన్నారు. పన్నెండేళ్లన్నది విని పాప తన వేళ్ల మీద లెక్కేసుకుంది, ఇంకా నాలుగేళ్లు.

రెండో పువ్వుకి నీలం సుద్ద చల్లాం. తుమ్మెద దాని మీద వాలాక టేపు మీద పసుపు మచ్చలు తేలాయి. మళ్లీ వీడియోలో అమ్మ, "అదేంటమ్మా, ఆ కొసన?" అంది. "జిగురు తల, అమ్మమ్మా. పక్క పువ్వు పుప్పొడి ఇక్కడ అంటుకుంది," అంది పాప, తెలుగులోనే. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. ఉంటే నా మొహం చూసి మళ్లీ ఇంగ్లీషులోకి దూకేసేది.