శేషాచలం వాగుల్లో నడవడానికి బూట్లు ఎలా ఎంచుకున్నానంటే

తలకోనలో జలపాతం చూసి వచ్చేయడానికి మామూలు చెప్పులు చాలు. పర్మిషన్ తీసుకుని, గైడును వెంటబెట్టుకుని వాగు వెంబడి అడవిలోకి నడవాలంటే మాత్రం ముందు ఆలోచించాల్సింది బూట్ల గురించే. మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. పక్షుల్ని చూడటానికి మేం నలుగురం వెళ్లేదీ ఆ నెలల్లోనే. అందుకే ఈసారి తీరిగ్గా చూసి మంచి జత కొనాలనుకున్నాను.

మొదట చేతికొచ్చినవి మా బావవి. ఆయన అమెరికాలో లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్తాడు. (ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.) దసరాకి వచ్చినప్పుడు తన వేట బూట్లు నా ముందు పెట్టి, "నీ సైజేరా బామ్మర్దీ, తీసుకో" అన్నాడు. చూడటానికి దిట్టంగా ఉన్నాయి. లేబుల్ మీద 400 గ్రాములు అని ఉంది. అది బూటు బరువు కాదు, లోపల కుట్టిన వెచ్చటి పొర చదరపు మీటరుకు తూగే బరువు. మంచులో గంటల తరబడి కదలకుండా కూర్చునేవాళ్లకు అది ప్రాణం. తిరుపతి ఉక్కలో వాటితో కొండెక్కితే వాగు చేరకముందే చెమటకు సాక్సు తడిసిపోతాయి. ప్రేమతో ఇచ్చినా, వద్దు బావా అని చెప్పేశాను.

తర్వాత వాటర్‌ప్రూఫ్ బూట్ల గురించి ఆలోచించాను. ఈ విషయంలో నా మనసు మార్చింది మా వెంట వచ్చిన ఒక ఫారెస్టు వాచరు. "నీళ్లు లోపలికి రాకుండా ఎంత సేపు ఆపుతావు నాయనా? మోకాలి లోతు వాగులో దిగితే పైనుంచే వచ్చేస్తాయి. వచ్చిన నీళ్లు బయటికి పోయే బూటు చూసుకో" అన్నాడాయన. ఆయన కాళ్లకున్నవి గుడ్డతో చేసిన జంగిల్ బూట్లు. రెండో కాలి వైపు ఉండే పక్కన, అట్టకు కాస్త పైన, జాలీ బిగించిన రెండు చిన్న రంధ్రాలు. వాగు దాటి రాయి మీద అడుగేస్తే ఆ రంధ్రాల్లోంచి నీళ్లు పిచికారీ కొట్టాయి. కాస్త దూరం నడిచేసరికి బూట్లో చప్పుడు కూడా ఆగిపోయింది. నా పక్కన మా స్నేహితుడు వాటర్‌ప్రూఫ్ బూట్లు విప్పి, తలకిందులు చేసి, మళ్లీ లేసులు కట్టుకుంటున్నాడు. బయటి నీళ్లను ఆపే పొర లోపలి నీళ్లనూ అంతే గట్టిగా ఆపుతుంది. తడి గడ్డిలోనో సన్నటి తుంపరలోనో నడిచేవాళ్లకు అవి మంచివే. మన వాగులకు మాత్రం కావు.

అలాగని మొత్తం గుడ్డ బూట్లు తీసుకోలేదు. ఈ కొండల్లో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్ రాయి, విరిగిన చోట అంచు కత్తిలా ఉంటుంది. అందుకని వేళ్ల దగ్గర రబ్బరు తొడుగు, చీలమండ కప్పే ఎత్తు, కింద లోతైన గాడులున్న అట్ట కావాలనుకున్నాను.

బూట్లు కొనడానికి తిరుపతి గాంధీ రోడ్డుకు సాయంత్రం వెళ్లాను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి. అడవికి వేసుకునే మందపాటి సాక్సు వెంట తీసుకెళ్లాను. లేసులు కట్టకముందు పాదాన్ని ముందుకు నెడితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. కట్టాక మడమ పైకి లేవకూడదు. అన్నిటికంటే పనికొచ్చింది షాపు మెట్లు: గబగబా దిగి చూశాను, బొటనవేలు ముందు భాగానికి తగిలితే ఆ జత పక్కన పెట్టేశాను. కొండ దిగేటప్పుడు గోళ్లు నల్లబడేది అలాగే. అట్టను గోటితో నొక్కి చూశాను. ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటే తడి రాయి మీద జారుతుంది. పాచి మీద ఎంత మంచి రబ్బరైనా జారుతుంది, అక్కడ కాలు పెట్టకపోవడమే దారి.

కొన్నాక నేరుగా అడవికి వేసుకెళ్లలేదు. అలిపిరి మెట్లు ఒట్టి కాళ్లతోనే ఎక్కుతాను కాబట్టి, యూనివర్సిటీ గ్రౌండ్‌లో రోజూ నడిచాను. ఒకరోజు బూట్లను బకెట్ నీళ్లలో ముంచి, తడిగానే వేసుకుని నడిచాను. ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. మడమ దగ్గర ఒరుసుకుంది; కాటన్ సాక్సు తీసేసి ఉన్ని కలిసినవి వేసుకుంటే తగ్గింది. కాటన్ తడిస్తే తొందరగా ఆరదు, బొబ్బలకు సగం కారణం అదే.

నవంబరులో తలకోన వాగును అటూ ఇటూ ఎన్నోసార్లు దాటాం, ఒక్క బొబ్బ లేదు. ఇంటికొచ్చాక లోపలి అట్టలు బయటికి తీసి, బూట్లలో న్యూస్‌పేపరు కుక్కి ఫ్యాను కింద పెడుతున్నాను. పొయ్యి దగ్గర పెడితే జిగురు ఊడిపోతుంది.